మూడో పూట పాలు తీస్తే లాభమా? పొదుగు సంగతి కాస్త వివరంగా

మీరు అడిగింది ఇదీ: రెండో ఈత ఆవు, ఈని రెండు నెలలైంది, రోజుకు 16 లీటర్లు ఇస్తోంది. ఉదయం 5 గంటలకు, మధ్యాహ్నం 3 గంటలకు పిండుతున్నారు. మూడో పూట మొదలుపెడితే పాలు పెరుగుతాయా? ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నట్టు ఎక్కువసార్లు పిండితే ఆవు చిక్కిపోయి, పొదుగు జారిపోతుందా? లేక ఒక పూట ఆపి పొదుగు బాగా నిండనిస్తే అది సాగి, వచ్చే ఈతకు పెద్దదవుతుందా?

చివరిదానికి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే మూడింట్లో నిజంగా నష్టం తెచ్చేది అదే. పాలు ఆపి పొదుగును పెంచలేం. ఆపితే పెరిగేది వాపు, తగ్గేది పాలు. కారణం అర్థమైతే మిగతా రెండు ప్రశ్నలకూ దారి దొరుకుతుంది.

పాలు పిండే వేళకు తయారయ్యేవి కావు. ఒక పూట తీసిన దగ్గర్నుంచి మళ్ళీ తీసేదాకా ఊరుతూనే ఉంటాయి. పొదుగు లోపల కంటికి ఆనని చిన్న చిన్న తిత్తులు కోట్లలో ఉంటాయి. ఆ తిత్తుల గోడల్లోని కణాలే రక్తం నుంచి ముడిసరుకు తీసుకుని పాలు చేస్తాయి. ఒక లీటరు పాలు తయారవ్వాలంటే సుమారు 400 నుంచి 500 లీటర్ల రక్తం పొదుగులోంచి పారాలి. ఊరిన పాలలో కొంత కిందికి దిగి, చన్నుల పైన ఉండే గదిలో చేరుతుంది. 12 గంటల తర్వాత చూస్తే ఆ గదిలో ఉండేది మొత్తంలో ఐదో వంతు మాత్రమే. మిగతా 80 శాతం పొదుగు పైభాగంలోని తిత్తుల్లోనూ, సన్నటి నాళాల్లోనూ ఉంటుంది. ఆవు చేపితే, అంటే పాలు కిందికి విడిస్తే తప్ప అది కిందికి రాదు.

తిత్తులు నిండుతున్నకొద్దీ కణాలకు 'ఇక చాలు' అనే సంకేతం అందుతుంది. నిండిన పొదుగులో ఒత్తిడి పెరిగి పాలు ఆగుతాయని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. 1980లలో స్కాట్లండ్‌లోని హన్నా పరిశోధన సంస్థలో మేకల మీద చక్కటి ప్రయోగాలు చేశారు. పొదుగులో ఒక వైపు రోజుకు మూడుసార్లు, రెండో వైపు రెండుసార్లు పిండారు. మేక ఒకటే, మేత ఒకటే, రక్తంలోని హార్మోన్లూ ఒకటే. అయినా పాలు పెరిగింది మూడుసార్లు పిండిన వైపే. తర్వాత ఇంకో అడుగు వేసి, అదనంగా తీసిన పాల బదులు అంతే పరిమాణంలో పాలు కాని ద్రవాన్ని లోపలికి ఎక్కించారు. అంటే పొదుగు మళ్ళీ నిండే ఉంది, ఒత్తిడీ ఉంది. అయినా పాలు పెరిగాయి. ఆపమని చెప్పేది పాలలోనే ఉందన్నమాట. పాలు బయటికి తీస్తే ఆ సంకేతం కూడా బయటికి పోతుంది. పొదుగు కణాలు తామే తయారుచేసుకునే సెరటోనిన్ అనే రసాయనం అలాంటి సంకేతాల్లో ఒకటి. ఆవుల్లోనూ ఒక వైపు ఎక్కువసార్లు, ఒక వైపు తక్కువసార్లు పిండి చూశారు. ఫలితం అదే పద్ధతిలో వచ్చింది.

దీనికి ప్రయోగశాల దాకా పోనక్కర్లేదు. నొప్పిగా ఉందని ఒక చన్నును పిండకుండా కొన్ని రోజులు వదిలేసిన ఆవును చూసే ఉంటారు. మిగతా మూడు చన్నులూ మామూలుగానే పాలిస్తాయి, ఆ ఒక్కటీ వట్టిపోతుంది. తర్వాత ఎంత పిండినా ఆ ఈతలో మునుపటి పాలు రావు. పొదుగులో నాలుగు భాగాలూ విడివిడి కాబట్టి ఒకదాని పాలు ఇంకోదానిలోకి పోవు, ఆపమనే సంకేతం కూడా అంతే.

ఇక గంటల లెక్క. పిండిన తర్వాత 10-12 గంటల దాకా పాలు ఊరే వేగం దాదాపు ఒకేలా ఉంటుంది. అక్కడి నుంచి మందగిస్తుంది. 18 గంటల దగ్గర అసలు చిక్కు మొదలవుతుంది. కణానికీ కణానికీ మధ్య ఉన్న బిగువైన అతుకులు వదులవుతాయి. పాలలోని చక్కెర రక్తంలోకి, రక్తంలోని సోడియం పాలలోకి జారతాయి. అందుకే బాగా ఆలస్యంగా తీసిన పాలలో ఒక్కోసారి కాస్త ఉప్పదనం తగులుతుంది. సొమాటిక్ కణాల (పాలలోకి చేరే తెల్లరక్తకణాల వంటివి) లెక్క కూడా పెరుగుతుంది. అలాగే వదిలేస్తే సుమారు 35 గంటలకు పాలు ఊరడం దాదాపు ఆగిపోతుంది. పూట ఎగ్గొడితే పొదుగు సాగుతుందని ఎవరైనా అంటే ఈ వరస గుర్తు చేసుకోండి. ఒక్కసారి ఏ పెళ్ళికో వెళ్ళి పూట తప్పితే కొద్ది రోజుల్లో ఆవు సర్దుకుంటుంది. పదేపదే తప్పిస్తే, ముఖ్యంగా ఈనిన మొదటి వారాల్లో, ఆ నష్టం ఈత పొడుగునా వెంటాడుతుంది.

పొదుగు సామర్థ్యం అని మనం ఒకే మాటలో అనేది నిజానికి రెండు విషయాలు. పాలు చేసే కణాలు ఎన్ని, ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయి అన్నది ఒకటి. చేసిన పాలు ఇబ్బంది లేకుండా నిలవ ఉంచుకునే చోటు ఎంత అన్నది రెండోది. ఒకే 16 లీటర్లు ఇచ్చే రెండు ఆవుల్లో ఒకదానికి కింది గది పెద్దది, ఇంకోదానికి చిన్నది కావచ్చు. గది పెద్దగా ఉన్న ఆవు ఎక్కువ గంటల ఎడాన్ని బాగా తట్టుకుంటుంది, మూడో పూట పెట్టినా దాని పాలు అంతగా పెరగవు. గది చిన్నదైన ఆవుకు రాత్రి ఎడం భారం, మూడో పూట వరం. తొలిచూలు ఆవులు ఎక్కువగా ఈ రెండో కోవలోకే వస్తాయి. బయటికి పొదుగు ఎంత పెద్దగా కనబడుతోందన్నది దీనికి కొలమానం కాదు. కండ, కొవ్వు పట్టిన పొదుగు కూడా పెద్దగానే కనిపిస్తుంది. పిండాక కూడా అలాగే గట్టిగా ఉంటే అది పాల పొదుగు కాదు.

మీ ఆవు ఏ కోవలోదో కనుక్కోవడానికి ఖర్చులేని పద్ధతి ఉంది. ఇప్పుడు మీరు పిండే వేళల ప్రకారం రాత్రి ఎడం 14 గంటలు, పగటి ఎడం 10 గంటలు. ఒక వారం పాటు ఏ పూట పాలు ఆ పూట విడిగా తూచి రాయండి. పొదుగు ఒకే వేగంతో ఊరుతుంటే 16 లీటర్లలో ఉదయం సుమారు 9.3, మధ్యాహ్నం 6.7 రావాలి. గంటకు రెండు పూటలా దాదాపు 670 మిల్లీలీటర్లు. అలాకాక ఉదయం 8.5, మధ్యాహ్నం 7.5 వస్తున్నాయనుకోండి. అప్పుడు రాత్రి గంటకు 607, పగలు 750. అంటే తెల్లవారుజామున పొదుగు నిండి కణాలు నెమ్మదించాయి. ఇలాంటి ఆవుకే మూడో పూట కలిసొస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి, ఏదో ఒక పూట సరిగా తీయకుండా పొదుగులో మిగిలిస్తే ఆ పాలు తర్వాతి పూట లెక్కలో కలుస్తాయి. అందుకే ఒక్కరోజు చూసి తేల్చకుండా వారం సగటు తీసుకోమంటున్నాను.

ఈ లెక్క ఎలా వచ్చినా ముందు చేయాల్సింది ఒకటుంది. మధ్యాహ్నం 3ను సాయంత్రం 4కో, వీలైతే 5కో జరపండి. 16 లీటర్ల ఆవుకు 14-10 ఎడం వల్ల పోయేది పెద్దగా ఉండదు, కానీ పైసా ఖర్చులేని మార్పు కదా. 25-30 లీటర్ల ఆవైతే ఆ తేడా బాగానే కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. రెండు పూటల నుంచి మూడు పూటలకు మారితే సాధారణంగా 10 నుంచి 15 శాతం పెరుగుతాయని చెప్పొచ్చు. కొన్ని ఆవులు 20 దాకా పోతాయి, కొన్ని 5 కూడా దాటవు. 1995లో చాలా ప్రయోగాల ఫలితాలను కలిపి చూసినప్పుడు ఒక ఆసక్తికరమైన సంగతి బయటపడింది. పెరుగుదల శాతం లెక్కన కాకుండా, ఆవు ఎంత ఇచ్చేదైనా రోజుకు ఇంత అని దాదాపు స్థిరంగా వచ్చింది. అది సగటున 3.5 కిలోలు. నాలుగో పూట వల్ల కలిసింది మరో కిలోన్నర లోపే. అదే రోజుకు ఒక్కపూటకు తగ్గిస్తే 6 కిలోలకు పైగా పోయాయి. ఈ అంకెలు బాగా మేపిన, ఎక్కువ పాలిచ్చే మందల నుంచి వచ్చినవి. మీ ఆవు దగ్గర నేనైతే లీటరున్నర నుంచి రెండున్నర లీటర్ల మధ్య ఆశిస్తాను, అంతకు మించి లెక్కలు వేసుకోను. వెన్న శాతం కొద్దిగా తగ్గొచ్చు, మొత్తం వెన్న మాత్రం పెరుగుతుంది.

నాకు అంకెలకన్నా ముఖ్యమనిపించేది సమయం. ఈనిన మొదటి మూడు వారాల్లో ఎక్కువసార్లు పిండితే, తర్వాత రెండు పూటలకు తగ్గించినా ఆ పెరుగుదలలో కొంత భాగం నెలల తరబడి నిలుస్తుంది. పొదుగు ఇంకా పుంజుకుంటున్న రోజులవి, అప్పుడు పడిన అలవాటు నిలిచిపోతుంది. పాలు అత్యధికంగా వచ్చే శిఖరం దాటాక అవి తగ్గడానికి ప్రధాన కారణం కణాల సంఖ్య మెల్లగా పడిపోవడమే. మీ ఆవు రెండు నెలల దగ్గర, అంటే సరిగ్గా శిఖరం మీద ఉంది. ఇప్పుడు మూడో పూట పెడితే పెట్టినంత కాలం ప్రయోజనం ఉంటుంది. ఆపేస్తే చాలావరకు వెనక్కి పోతుంది.

మూడో పూట పెట్టి 'ఏమీ పెరగలేదు' అనే వాళ్ళు నాకు తరచూ తగులుతుంటారు. వాళ్ళలో ఎక్కువమంది దగ్గర లోపం పిండే తీరులోనే ఉంటుంది. 7-8 గంటలకే తీసే పొదుగు సగమే నిండి ఉంటుంది. సగం నిండిన పొదుగు చేపడానికి ఎక్కువ సేపు పడుతుంది. నిండు పొదుగైతే చన్నులు తడిమిన నిమిషం లోపే చేపుతుంది, కొంచెమే నిండినదానికి రెండు నిమిషాలు కూడా కావాలి. ఆ తొందరలో గబగబా నీళ్ళు చల్లి మిషన్ తగిలిస్తే కింది గదిలోని కాసిని పాలు వచ్చి ధార ఆగుతుంది. ఇంతేనేమో అనుకుని తీసేస్తారు. పై 80 శాతం పైనే ఉండిపోతుంది.

కాబట్టి మూడో పూటలో మామూలుకన్నా నిదానం కావాలి. చన్నులను శుభ్రం చేసి తడి లేకుండా తుడవండి. ఒక్కో చన్ను నుంచి రెండు మూడు ధారలు విడిగా గిన్నెలోకి తీసి ముక్కలు, నీరు ఉన్నాయేమో చూడండి. ఆ పనిలోనే ఆవు చేపడం మొదలుపెడుతుంది. వేళ్ళ మధ్య వదులుగా ఉన్న చన్ను నిండుగా, బిగువుగా మారుతుంది, పొదుగు పైభాగం కూడా చేతికి గట్టిగా తగులుతుంది. అప్పుడు మొదలుపెట్టాలి. చేపించే ఆక్సిటోసిన్ హార్మోన్ రక్తంలో నిలిచేది కొద్ది నిమిషాలే కాబట్టి ఆ తర్వాత ఆగకూడదు, 5-7 నిమిషాల్లో పని ముగియాలి. ఆవును అదిలించడం, కొత్త మనిషి వెనక నిలబడటం, కుక్క మొరగడం వంటివి జరిగితే బెదిరినప్పుడు వచ్చే అడ్రినలిన్ హార్మోన్ విడుదలై చేపు ఆగిపోతుంది. ఇంజెక్షన్‌తో చేపించే దారి మాత్రం పట్టకండి. రోజూ బయటి నుంచి ఆక్సిటోసిన్ ఇస్తే ఆవు తనంతట తాను చేపడం తగ్గిపోతుంది.

పిండటం ముగిశాక పొదుగు మీద అరచెయ్యి పెట్టి చూడండి. ముందు బిగిసి నున్నగా ఉన్న చర్మం ఇప్పుడు ముడతలు పడి మెత్తగా చేతిలోకి రావాలి. నాలుగు భాగాలూ విడివిడిగా చూడండి, వెనక భాగాల్లో పాలెక్కువ, అవి పూర్తికాకముందే ఆపేయడం మామూలే. ఎంత బాగా పిండినా 10-20 శాతం పాలు లోపల మిగిలే ఉంటాయి, వాటికోసం చన్నులను పీకకండి. కానీ చేపిన పాలను వదిలేయడం వేరే సంగతి. మొదటి ధారల్లో వెన్న 1-2 శాతమే ఉంటే చివరి ధారల్లో 10 శాతం దాకా ఉంటుంది. వాటిని వదిలేస్తే వెన్నా పోతుంది, ఆపమనే సంకేతమూ లోపలే ఉండిపోతుంది. రెండు పూటలే అయినా శుభ్రంగా తీసిన ఆవు, మూడు పూటలా అరకొరగా తీసిన ఆవు కన్నా ఎక్కువ ఇస్తుందని నా గట్టి నమ్మకం.

ఇక పెద్దవాళ్ళ భయం. ఆవు చిక్కిపోతుందన్న మాటలో నిజముంది, కాకపోతే తప్పు పిండటానిది కాదు, మేతది. అదనంగా తీసే ప్రతి లీటరుకూ సుమారు 400 గ్రాముల దాణా, 4 లీటర్ల దాకా నీళ్ళు అదనంగా పడాలి. రెండు లీటర్లు పెరిగితే కిలోకు కాస్త తక్కువ దాణా అన్నమాట. అది ఒకేసారి కుమ్మరిస్తే కడుపు పులుస్తుంది, పూటలకు పంచి, కొద్ది రోజుల్లో మెల్లగా పెంచండి. పెంచలేకపోతే ఆవు తన ఒంటి కొవ్వు కరిగించి పాలిస్తుంది, ఎదకు రావడం ఆలస్యమవుతుంది, మళ్ళీ చూడి కట్టదు. మూడో పూట పాల ఆదాయం మొత్తం అక్కడే హరించుకుపోతుంది. ఇప్పటికే పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్న ఆవుకు మూడో పూట వద్దు. ముందు ఒళ్ళు పట్టనివ్వండి.

పొదుగు జారుతుందన్న భయం మాత్రం అసలు సంగతికి పూర్తిగా వ్యతిరేకం. పొదుగును పైకి పట్టి ఉంచేది మధ్యలోని బలమైన పట్టీ. దాన్ని సాగదీసేది బరువు. పాలు నిండి గంటల తరబడి వేలాడితేనే ఆ పట్టీ మీద భారం ఎక్కువ. ఎక్కువసార్లు పిండితే ఆ భారం తగ్గుతుంది, ఆవు నడవడానికీ పడుకోవడానికీ సుఖంగా ఉంటుంది. వంశం, వయసు, ఈనే ముందు వచ్చే నీరు కూడా పొదుగు జారడంలో కలుస్తాయి, వాటికి పూటలతో సంబంధం లేదు.

పొదుగువాపు విషయంలోనూ ఎక్కువసార్లు పిండటం మొత్తం మీద మేలే చేస్తుంది, లోపలికి పోయిన క్రిములు పాలతో పాటు బయటికి కొట్టుకుపోతాయి. అయితే పాలు ఆగాక కూడా మిషన్ అలాగే లాగుతుంటే చన్ను కొన దెబ్బతింటుంది. రోజుకు మూడుసార్లంటే ఆ దెబ్బ కూడా మూడుసార్లే. పిండగానే చన్నులను మందు ద్రావణంలో ముంచి, ఆవు వెంటనే పడుకోకుండా మేత ముందు నిలబెట్టండి. చన్ను రంధ్రం పూర్తిగా మూసుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది.

న్యూజిలాండ్‌లో కొందరు రైతులు ఏడాది పొడుగునా ఒక్కపూటే పిండుతారు కదా, వాళ్ళకు నష్టం లేదా అని అడిగేవాళ్ళుంటారు. నష్టం ఉంది, తెలిసే భరిస్తారు. పచ్చిక మీద మేపే మందలు, కూలి ఖర్చు తగ్గడం, అలవాటు పడే ఆవులనే ఏరుకోవడం వల్ల వాళ్ళకు ఆ లెక్క సరిపోతుంది. ఒకటి రెండు ఆవులున్న ఇంట్లో పట్టి చూడాల్సిన లెక్క అది కాదు.

మీరు చేయాలనుకుంటే ఉదయం 5, మధ్యాహ్నం 1, రాత్రి 9 మంచి వేళలు. రాత్రి 9 కుదరకపోతే 5, 12, 7 పెట్టుకోండి, రాత్రి ఎడం 10 గంటలకు తగ్గుతుంది, అదీ చాలు. రోజుకో వేళ మాత్రం వద్దు. ముందు వారం రెండు పూటల పాలు తూచి ఉంచారు కాబట్టి దాంతో పోల్చండి. కనీసం 10 రోజులు చూడకుండా తేల్చకండి, మొదటి రెండు మూడు రోజుల పెరుగుదలలో లోపల మిగిలిన పాలు కూడా కలిసి ఉంటాయి. 10 రోజుల తర్వాత కూడా లీటరు కన్నా తక్కువే పెరిగితే మీ నిద్ర, మీ దాణా వృథా, ఆపేయండి. పెరిగితే ఈనిన ఆరేడు నెలల వరకు కొనసాగించి, పాలు తగ్గుముఖం పట్టాక రెండు పూటలకు దిగండి.

వచ్చే ఈతకు పొదుగు పెరగాలన్న మీ కోరికకు దారి వేరే ఉంది. ఈనడానికి 45 నుంచి 60 రోజుల ముందు పాలు పూర్తిగా ఆపి ఆవును వట్టిగా ఉంచాలి. పాత కణాలు పోయి కొత్తవి ఏర్పడేది ఆ రోజుల్లోనే. ఈనేదాకా పిండుతూ పోతే తర్వాతి ఈతలో పాలు నాలుగో వంతు దాకా తగ్గొచ్చు. ఈనాక మొదటి మూడు వారాలు మూడో పూట తప్పకుండా తీయండి, ఈసారి తప్పిన అవకాశం అది. అప్పటికి మూడో ఈత అవుతుంది కాబట్టి పాలజ్వరం (ఈనాక రక్తంలో కాల్షియం పడిపోవడం) సంగతి చూసుకోండి. దూడకు సరిపడా జున్నుపాలు తీసి, మొదటి ఒకటి రెండు రోజులు పొదుగును పూర్తిగా ఖాళీ చేయకుండా ఉండటం మేలు. కాల్షియం ఎప్పుడు, ఎంత ఇవ్వాలో మీ పశువైద్యుణ్ణి ఈనే ముందే అడిగి పెట్టుకోండి.